హెవీ డ్యూటీ గేటు

వెల్డింగు షాపు యజమాని గారైన మా తమ్ముడికి,

ఫోను చేస్తే ఎత్తవు, అందుకే ఈ ఉత్తరం. అమ్మ మళ్ళీ వెళ్ళిపోయింది. నేనొకావిడకి కొలతలు తీస్తుంటే, చెప్పులైనా లేకుండా మెయిన్ రోడ్డు దాకా నడిచింది. ఎవరో బస్సు డ్రైవరు పుణ్యాత్ముడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. కుట్టుపని ఇంట్లోనే కదా, వచ్చేపోయేవాళ్ళతో తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. వరండాకి ఒక గేటు చేసిపెట్టు. నువ్వే తెచ్చి బిగిస్తే మరీ మంచిది. నిన్ను చూసి ఏడాది దాటిందిరా.

నీ అక్క

ప్రియమైన అక్కకి,

గేటు లారీలో పంపాను. హెవీ డ్యూటీ సరుకు, పదిమంది ఊపినా కదలదు. నవ్వకు. స్టూలు చేసినా షట్టరు చేసినా నా నోట అదొకటే మాట. నా మొదటి స్టూలు అంచు అమ్మ అరచెయ్యి గీరేసింది, గుర్తుందా? "హెవీ డ్యూటీ సరే, ముందు చేతికి గుచ్చుకోకుండా చెయ్యరా" అంది. ఆరోజు నుంచి ప్రతి అతుకూ ఆకురాయితో నున్నగా రుద్దందే షాపు దాటించను. పని నెత్తిమీదుంది, రాలేను. అక్కడి మేస్త్రీ చేత బిగించుకో.

నీ తమ్ముడు

ఒరేయ్ తమ్ముడూ,

గేటు బిగించారు. బతికిపోయాననుకున్నాను. కానీ అమ్మ పొద్దున్నుంచీ చువ్వలు పట్టుకుని నిలబడుతోంది. అతుకు అతుకూ తడుముతోంది, ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని కాబోలు. "మేడమ్, కాస్త తీయండి, ఇంటికెళ్ళాలి" అని నన్నే బతిమాలుతోంది. కన్నకూతుర్ని మేడమ్ అంటోందిరా. నేను అటు వీపు పెట్టి, ఆ మాట వినబడకుండా మిషను తొక్కుతూ కూర్చుంటున్నాను. నీ సరుకు మరీ ఇంత గట్టిగా ఉండాల్సింది కాదు. ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు. ఒక్కసారి రా.

నీ అక్క

అక్కా,

పని ఒట్టి సాకు. కిందటిసారి వచ్చినప్పుడు అమ్మ నాకు కుర్చీ వేసి, "ఎవరు బాబూ, ఏం కావాలి?" అంది. ఎంత మర్యాదగా అడిగిందో. నాలుగు తిట్టినా బాగుండేది. ఇనుమైతే కాల్చి వంచుతాను, దీన్నేం చెయ్యను? ఫోనెత్తితే రమ్మంటావని ఎత్తడం లేదు. గేటు కోయించెయ్యమంటే మనిషిని పంపుతాను. మళ్ళీ రోడ్డుమీదికి పోతే? నాకూ దారి తోచడం లేదు.

తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

మనిషిని పంపకు. నేనే పొరబడ్డాను, అమ్మ తడిమేది సందు కోసం కాదు. నిన్న పక్కింటావిడ బయట నిలబడి, ఇంత బరువు గేటెందుకండీ అంది. అమ్మ అతుకు మీద అరచెయ్యి ఆనించి చెప్పింది: "చూడండి, ఎక్కడా గుచ్చుకోదు. మావాడి పని. హెవీ డ్యూటీ."

నేను మిషను ఆపేశాను. "వాడే వచ్చి తీస్తాడు" అని అమ్మ స్టూలు లాక్కుని అక్కడే కూర్చుంది. ఇవాళా అక్కడే ఉంది. పళ్ళెం అక్కడికే తీసుకెళ్ళి తినిపిస్తున్నాను. నన్ను తీయమని అడగడం మానేసింది. ఏడ్చాను, నీమీద కాస్త కుళ్ళుకున్నాను కూడా.

నువ్వొస్తే గుర్తుపడుతుందని నేను మాటివ్వలేను. మళ్ళీ ఎవరు బాబూ అనే అడుగుతుందేమో.

గేటు చేసినవాణ్ణని చెప్పు.

నీ కోసం చూస్తూ,
అక్క