అడవిలో రెండు ఊయలలు

చిరంజీవి అబ్బాయికి,

అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, నా కుట్టుమిషను, వాళ్ళమ్మ దగ్గర నీ కూతురు పిచ్చుక, ముగ్గురమూ బాగున్నాం. పగలో రాత్రో తెలియని ఆ సొరంగం పనిలో నువ్వు కూడా వేళకు తిని, వేళకు పడుకుంటున్నావని నమ్ముతున్నాను. సరుకుల బండి వారానికి ఒక్కసారే మీ క్యాంపుకు వస్తుందని రాశావు కాబట్టి, ఇది ఎలాగైనా గురువారం బండికి అందేలా పంపుతున్నాను. ఆదివారం నువ్వు కిందికి దిగి ఫోన్ చేసేదాకా ఆగొచ్చు. కానీ ఫోన్లో నువ్వు నన్ను ఒక్క మాటా పూర్తి చెయ్యనివ్వవు. చిన్నప్పటి నుంచీ అంతే, సగం విని మిగతా సగం నువ్వే ఊహించుకుంటావు. ఉత్తరానికైతే అడ్డుతగలలేవు కదా.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలు నయమే, మెట్లు దిగేటప్పుడు మాత్రం మొరాయిస్తోంది. మిషను బెల్టు మార్పించాను. లారీల మీద కప్పే టార్పాలిన్లు పన్నెండు కుట్టి ఇవ్వాలి, ఎనిమిది అయ్యాయి. చిన్నగదికి పసుపు రంగు వేయించాను. పిచ్చుక కోసం కిటికీ పక్కన మంచం కూడా వేయించాను. రంగు వాసన ఇంకా పోలేదు. పొద్దున లేవగానే ఆ గది తలుపు తీసి ఒకసారి చూసుకోవడం నాకు అలవాటైపోయింది.

ఇక చివరి ప్రశ్న. "కాగితం మీద సంతకం పెట్టావా అమ్మా, వాయిదా దగ్గరికొస్తోంది" అని కింద రెండు గీతలు గీసి మరీ రాశావు. కాగితం అందింది. మీ లాయరు పద్ధతిగా టైపు చేయించాడు. పిల్ల తల్లి నిర్లక్ష్యంగా కట్టిన ఊయల జారిపోయి పిల్ల భుజం ఎముక విరిగిందనీ, ఆమె పిల్లను కొండలూ అడవులూ తిప్పి చెట్లకు కట్టిన గుడ్డల్లో పడుకోబెడుతుందనీ, కాబట్టి నువ్వు పని మీద దూరంగా ఉన్నా పిల్ల నానమ్మ దగ్గర పెరగడమే క్షేమమనీ రాసి ఉంది. ఇదంతా నాకు తెలిసిన నిజమని నేను సంతకం పెట్టాలి. ఆ సంగతికే వస్తున్నాను. కాస్త ఓపిక పట్టు.

పోయిన శనివారం నేను కోడలితో కొండెక్కాను. రాత్రి అడవిలోనే, ఊయలల్లో పడుకున్నాం.

ఉత్తరం నలిపి పారెయ్యకు. కూర్చుని చదువు. నువ్వు 'ఆవిడ' అని రాస్తావు, నాకు మాత్రం ఇంకా కోడలే. మీరు విడిపోయి ఏడాదిన్నర అయింది, నిజమే. కానీ ఆ అమ్మాయి నీకంటే ముందు నాకు తెలుసు. పదేళ్ళ కిందట చిరిగిపోయిన ఊయల పట్టుకుని కుట్టించుకోవడానికి మన దుకాణానికి వచ్చింది. "ఇంత పల్చటి గుడ్డలో మనిషి పడుకుంటాడా" అని నేను నవ్వితే, కుట్టించుకున్నాక దాన్ని అక్కడే దుకాణం గుంజకీ కిటికీ ఊచకీ కట్టి నన్ను కూర్చోబెట్టింది. ఆ రోజు నాకు ఊయల పిచ్చి పట్టింది, నీకు ఆ అమ్మాయి పిచ్చి పట్టింది. నీది వదిలింది, నాది వదల్లేదు. ఏటా రెండుసార్లు ఇద్దరం సంచులు సర్దుకుని పోతూనే ఉన్నాం.

ఈసారి రమ్మని అడిగింది నేనే. సరదాకి అడగలేదు. తప్పు పట్టుకోవడానికి అడిగాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అది అజాగ్రత్తగా ఉండటం నా కళ్ళతో చూస్తే చాలు, సంతకం పెట్టేసి నిశ్చింతగా నిద్రపోవచ్చు అనుకున్నాను. నీ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి సంచీ అడుగున పెట్టుకున్నాను. పెన్ను కూడా పెట్టుకున్నాను. అమ్మ ఇలాంటి మనిషా అని నీకు అనిపిస్తే అనిపించనీ.

పిచ్చుకను వాళ్ళ అమ్మమ్మ దగ్గర వదిలి, కోడలు తెల్లవారుతూనే వచ్చింది. దారంతా నేను కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తూనే ఉన్నాను. అడవి కాపలావాళ్ళ గది దగ్గర పుస్తకంలో మా ఇద్దరి పేర్లూ రాసి, "ఆదివారం మధ్యాహ్నం రెండు దాటినా మేం రాకపోతే వెతకండి" అని చెప్పింది. గంటకోసారి ఆగింది. నా మోకాలి కోసం ఆగుతున్నానని అనకుండా, బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగేది. ఒకే లేసు ఎన్నిసార్లు ఊడుతుంది చెప్పు. కళ్ళద్దాల దుకాణంలో రోజంతా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టే మనిషి, వెంట్రుకవాసి తేడా కూడా కనిపెడుతుంది. నా సంచీ సంగతి కూడా కనిపెట్టింది.

"బరువుగా ఉందా అత్తయ్యా? ఇటివ్వండి, నేను మోస్తా."

"అక్కర్లేదు."

"ఏముందండీ అందులో, అంత గట్టిగా పట్టుకున్నారు?"

"బట్టలు" అన్నాను. అది నా సంచీ వంక ఒకసారి చూసి ముందుకు నడిచింది. మళ్ళీ అడగలేదు.

నాలుగింటికల్లా శిఖరం కింది చదునుకి చేరాం. ఊయల కట్టే ముందు అది చేసే తతంగం నీకు తెలియదు, నువ్వెప్పుడూ రాలేదు కాబట్టి. చెట్టు చుట్టూ తిరుగుతుంది, రాయితో మాను మీద తట్టి లోపల డొల్లేమోనని చెవి ఆనిస్తుంది, తల వెనక్కి వాల్చి కొమ్మలు చూస్తుంది. తర్వాతే పట్టీ చుట్టి తాడు బిగిస్తుంది. ఇంకో నియమం కూడా ఉంది. ముడి ఎవరు వేస్తే వాళ్ళే ముందు కూర్చోవాలి, వాళ్ళ బరువుకి ఆగాకే ఇంకొకళ్ళు. అది చూసిపెట్టిన చెట్లకే నా ఊయల నేను కట్టుకున్నాను. అది వచ్చి నా ముడి వంక చూసి, ముట్టుకోకుండానే "బాగుంది అత్తయ్యా" అంది. ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిని చీకటి పడుతూనే ఎవరి ఊయలలోకి వాళ్ళం దూరాం. ఎనిమిది దాటిందో లేదో గాలి మొదలైంది. మొదట్లో ఊపు హాయిగానే ఉంది. కాసేపటికి వాన పడకుండా పైన కట్టుకున్న పరదా తపతపా కొట్టుకోవడం మొదలెట్టింది. అంతలో నా మొహం మీద టార్చి వెలుతురు పడింది.

"అత్తయ్యా, దిగండి. మాట్లాడకుండా దిగండి."

దాని గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు. ఊయల చుట్టూ ఉన్న దోమతెర జిప్పు లాగాను. సగం వచ్చి ఇరుక్కుంది. ముప్పై ఏళ్ళుగా వేల జిప్పులు కుట్టిన చేతులు, నేనే కుట్టుకున్న తెర, అయినా జిప్పు కదల్లేదు. పైన ఎక్కడో టక్, టక్ అని చప్పుడు. మిగతా కొమ్మలన్నీ గాలికి వంగి లేస్తుంటే, ఒక్కటి మాత్రం వంగకుండా పక్క కొమ్మకి కొట్టుకుంటోంది. ఎండిపోయి విరిగిన కొమ్మ, నా తొడంత లావుంది. సరిగ్గా నా పొట్టకు పైన వేలాడుతోంది.

"జిప్పు రావట్లేదే. నువ్వు అవతలికి పో" అన్నాను.

పోలేదు. ఆ కొమ్మ కిందికే వచ్చి, చాకుతో తెరను తలదగ్గర నుంచి కాళ్ళదాకా కోసేసింది. "మళ్ళీ కుట్టుకుందురుగాని" అంటూ నా చంకల కింద చేతులు పెట్టి బయటికి లాగింది. మోకాలు పట్టేసి నేను కూలబడితే, ఈడ్చుకుంటూ చెట్లు లేని రాతి దగ్గరికి తీసుకెళ్ళింది. తర్వాత వెనక్కి పరుగెత్తి పరదా, నా సంచీ పట్టుకొచ్చింది. అప్పుడు చినుకులు మొదలయ్యాయి. ఇద్దరం ఒకే పరదా కప్పుకుని, భుజాలు ఆనించుకుని కూర్చున్నాం. అది రొప్పుతోంది.

అప్పుడు నాకు మొట్టమొదట ఏమనిపించిందో తెలుసా? దొరికింది అనిపించింది. ఎండుకొమ్మ కింద అత్తగారిని పడుకోబెట్టింది, తప్పు దొరికింది. నువ్వు నమ్మవు, ఆ క్షణంలో నా చెయ్యి సంచీ మీదే ఉంది.

అంతలో అదే అంది. "నేనే చూసుకోలేదు అత్తయ్యా. సాయంత్రం ఆకుల మధ్య కనపడలేదు. ఇంకో వైపు నుంచి కూడా చూడాల్సింది. తప్పు నాదే."

అంతే. సాకు లేదు, ఏడుపు లేదు. ఒక్క ఊపిరిలో చెప్పేసింది. అయిదు నెలలుగా నాకు పెగలని మాట అది.

నాయనా, ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు పిచ్చుక పడ్డ ఊయల మీ ఆవిడ కట్టింది కాదు. నేను కట్టాను. అది కొళాయి దగ్గరికి నీళ్ళు పట్టడానికి వెళ్ళింది. "నేను వచ్చాక చూస్తా, అప్పటిదాకా ఎక్కించకండి" అని చెప్పే వెళ్ళింది. నా చేతి ముడిని ఇది చూసేదేమిటి అని నాకు రోషం వచ్చింది. లారీల మీద ఇన్నేళ్ళు సరుకు బిగించిన ముడే వేశాను. నూలు తాడుకు అది బండలా పట్టుకుంటుంది. సన్నటి నైలాన్ తాడుకి నిలవదు, జారిపోతుంది. అది నాకు తెలియాలి, తాడూ గుడ్డా నా బతుకుతెరువు. నేను ముందు కూర్చుని చూడలేదు. పిచ్చుక "ఎక్కనా నానమ్మా" అంటే "ఎక్కవే" అన్నాను. రెండో ఊపుకి ముడి వీడిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరు "ఎవరు కట్టారు" అని అడిగితే, నేను నోరు తెరిచేలోగా కోడలు "నేనే" అంది. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. తర్వాత నువ్వు వచ్చి అడిగినప్పుడు "నేను చూడలేదు నాన్నా" అన్నాను. చూడకపోవడమేమిటి, ఈ చేతులతోనే కట్టాను. మొదట భయంతో అన్నాను. తర్వాత నువ్వు కేసు వేసి, పిల్ల నా దగ్గరే పెరుగుతుందని రాసినప్పుడు, ఆశ పుట్టి ఊరుకున్నాను. ఆ గదికి రంగు వేయించింది ఆ ఆశతోనే.

పరదా కింద ఇదంతా దానికి చెప్పాను. చెప్పడమేమిటి, దానికి తెలియంది కాదు కదా. "నువ్వెందుకే 'నేనే' అన్నావు?" అని అడిగాను.

"అప్పుడు మీ మొహం చూసి అలా వచ్చేసింది అత్తయ్యా. మర్నాడు ఆయనకి నిజం చెప్దామనే అనుకున్నా. పిచ్చుక చెప్పనివ్వలేదు."

"అదేం అంది?"

"నానమ్మ కట్టిందని తెలిస్తే నాన్న నానమ్మని కూడా వదిలేస్తాడు అంది. మనల్ని వదిలేసినట్టు. నాచేత ఒట్టు పెట్టించుకుంది." మళ్ళీ తనే అంది, "ఆ కాగితం సంగతి మా లాయరు చెప్పాడు. మీ సంచీలో ఉందని దారిలోనే అనుకున్నా. వాయిదాలోపు మీరే చెప్తారని చూస్తున్నా. మీరు చెప్పకపోతే నేను చెప్పక తప్పదు. పిల్ల నాది."

ఏడేళ్ళ పిల్ల, భుజానికి కట్టుతో, నన్ను కాపాడుతూ వచ్చింది. వచ్చినప్పుడల్లా నా ఒళ్ళో కూర్చుని బొమ్మలు వేసుకునేది, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నేను దాన్ని చూసి, పోనీలే, మర్చిపోయింది అనుకునేదాన్ని. తల దించుకుని ఆ పరదా కింద ఏడ్చాను. కోడలు ఓదార్చలేదు, పక్కనే కూర్చుంది. తెల్లారి చూస్తే ఆ కొమ్మ అక్కడే వేలాడుతోంది, పడలేదు. ఇద్దరం దాని కింది నుంచి నా ఊయలను కర్రతో లాక్కుని దిగొచ్చాం. ఒంటిగంటకి కాపలావాళ్ళ పుస్తకంలో సంతకం పెట్టాం.

సోమవారం మీ లాయరు దగ్గరికి వెళ్ళాను. కాగితం తిరిగి ఇచ్చేసి జరిగింది చెప్పాను. "మీ అబ్బాయి కేసు మీరే పాడుచేస్తున్నారమ్మా" అన్నాడు. అవునన్నాను. తర్వాత కోడలి లాయరు దగ్గర కూర్చుని ఉన్నది ఉన్నట్టు రాయించి సంతకం పెట్టాను. వాయిదా రోజు అడిగితే జడ్జి ముందు కూడా చెబుతాను. అబద్ధం ఆడింది నేను, నీ కోపం నా మీద పెట్టుకో. ఆ అమ్మాయి మీద నీకు వేరే కోపాలుంటే అవి మీవి, వాటి జోలికి నేను రాను. కానీ పిల్లను దాని దగ్గర నుంచి తేవడానికి నా తప్పును వాడకు.

నిన్న సాయంత్రం పిచ్చుక వచ్చింది. ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఊయల నేనే కట్టానని నాన్నకి చెప్పేస్తున్నానే అన్నాను. దాని మొహం తెల్లబోయింది. "ఏమంటాడు?" అంది. తెలీదన్నాను. "వదిలేస్తాడా?" అంది. దానికీ తెలీదనే అన్నాను, ఇంక అబద్ధం చెప్పదలచుకోలేదు. నాన్న జవాబు రాగానే చూపించాలి అని పట్టుబట్టింది. సరేనన్నాను. ఇప్పుడు దానికి చదవడం బాగా వచ్చు, కూడబలుక్కోకుండా చదువుతుంది. నన్ను ఎంత తిట్టాలనిపిస్తే అంత తిట్టు నాయనా, నాకు తగినదే. కానీ నీ ఉత్తరం మొదట చదివేది అదేనని గుర్తుపెట్టుకుని రాయి.

ఇట్లు,
నీ జవాబు కోసం చూస్తున్న
పిచ్చుక నానమ్మ,
నీ అమ్మ