గంగ కోసం నేను రాసిన రెజ్యూమ్

అక్కకు,

హైదరాబాద్ నుంచి నీ తమ్ముడు ఓబులేసు నమస్కారాలు. నేనూ, నీ మరదలు గంగా బాగానే ఉన్నాం. జమ్మలమడుగులో నువ్వూ బావా పిల్లలూ ఎలా ఉన్నారు? బావ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకు. మాది ఒకటే గది. ఫోన్లో ఏం మాట్లాడినా గంగ చెవిన పడుతుంది. ఇది ఆమె వినకుండా నీకు చెప్పాల్సిన సంగతి. మధ్యాహ్నం బేరాలు లేని వేళ చీరల కౌంటర్ వెనక కూర్చుని రాస్తున్నాను.

నా గురించి దిగులు పడకు. ప్రొద్దుటూరు బట్టల షాపులో చేసిన పనే ఇక్కడా చేస్తున్నాను. చీరలు విప్పడం, మడతపెట్టడం. ఇక్కడ రోజూ వాన. బస్సులో నిలబడే సగం ప్రాణం పోతుంది. తిండికి కొరత లేదు గానీ, ఏం తిన్నా మన కారం తగలదు. గంగ ఇంట్లోనే జాకెట్లు కుడుతోంది. షాపుకు సెలవు దొరికినప్పుడల్లా నేను వేషాల కోసం సినిమా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను. నేను ఈ ఊరు వచ్చింది అందుకే కదా.

పోయిన వారం ఒక ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. కథ మన సీమలో జరుగుతుందట, మన మాట మాట్లాడేవాళ్లు కావాలట. ఒక సీను ముందుగానే ఫోన్‌కు పంపారు. మొగుడు ఇంట్లో చెప్పకుండా కాడెద్దులు అమ్మి వస్తాడు, పెళ్లాం నిలదీస్తుంది. రోజూ రాత్రి భోజనాలయ్యాక పెళ్లాం మాటలు గంగ చెప్పేది, మొగుడి మాటలు నేను చెప్పేవాణ్ణి. ఆడిషన్ రోజు ధైర్యానికని ఆమెనూ వెంట తీసుకుపోయాను. తీసుకుపోకుండా ఉండాల్సింది.

అక్కడ ఒక అసిస్టెంట్ డైరెక్టరమ్మ నా రెజ్యూమ్ తిరగేసింది.

"మూడు పేజీలెందుకండీ? మీ నాన్నగారి పేరు, ఇంటర్ మార్కులు మాకెందుకు? ఒక్క పేజీ చాలు. ఎత్తు, వయసు, ఏ భాషలొచ్చు, ఏ యాస వచ్చు, ఎక్కడ ఏ వేషం వేశారు, ఫోన్ నంబరు. ఈ ఫొటోల్లో అంతా పౌడరే ఉంది. మేకప్ లేకుండా ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, నిలువెత్తున ఒకటి కావాలి" అంది. తర్వాత కింది వరుస మీద వేలు పెట్టింది. "గుర్రపు స్వారీ, ఈత అని రాశారు. నిజంగా వచ్చా?"

"వేషమిస్తే నేర్చుకుంటానండీ."

"రానివి రాయకండి. రేపు నిజంగానే నీళ్లలోకి దించుతారు."

కోపంగా ఏమీ అనలేదు. కానీ గంగ పక్కన ఉండగా అంది. అదే నాకు మండింది.

సీను మొదలుపెట్టబోతే, ఎదుటి మాటలు చెప్పాల్సిన అమ్మాయికి మన యాస తిరగలేదు. "నాకొచ్చు, చెప్తా" అని గంగ లేచి గోడ పక్కన నిలబడింది. నేను గట్టిగా అందుకున్నాను. ఆమె మాత్రం గొంతు పెంచలేదు.

"ఎద్దులు యాడ? చెప్పప్పా, నా మొగం జూసి చెప్పు. ఎవుర్నడిగి అమ్మితివి?"

కాగితం మీద ఉన్నది అంతే. ఆమె అక్కడ ఆగలేదు.

"నేనీ ఇంట్లో ఉండానా, ల్యానా? ఒక్క మాట అడగాలని తోచల్యా నీకు?"

ఆ అడిగింది ఎద్దుల గురించో, తనను అడక్కుండా హైదరాబాద్ తీసుకొచ్చినందుకో నాకు తెలియలేదక్కా. చూస్తే కెమెరా అప్పటికే ఆమె వైపు తిరిగి ఉంది. నాకు "కబురు చేస్తాం" అన్నారు. ఆమెను "మీ రెజ్యూమ్ సాయంత్రానికి పంపండి" అన్నారు.

ఆ రెజ్యూమ్ నేనే రాశాను. ఇంకెవరు రాస్తారు? గోడకు నిలబెట్టి టేపుతో ఎత్తు కొలిచాను. మేడ మీద ఫొటోలు తీశాను. నావి స్టూడియోకు ఎన్నిసార్లు పోయినా కుదరలేదు. ఆమెవి మొదటిసారికే కుదిరాయి.

"ఈత రాయి" అంది.

"నీకు ఈతొచ్చా?"

"మైలవరం డ్యామ్ పక్కన పుట్టి ఈత రాకుంటే ఎట్లప్పా? నువ్వెప్పుడడిగితివి? ట్రాక్టర్ తోలేది గూడా రాయి. ఉర్దూ రాయి, మా పక్కింటోళ్లతో చిన్నప్పట్నుంచి మాట్లాడతానే ఉంటి."

నేను అబద్ధంగా రాసిన ఈత ఆమెకు నిజంగా వచ్చక్కా! నటనలో అనుభవం అన్నచోట మాత్రం "లేదు" అని సంతోషంగా రాశాను. ఆమె చూసి, "పెండ్లయినకాడ్నుంచి నీ నాటకాల్లో ఆడోళ్ల మాటలన్నీ ఇంట్లో నీ ఎదురుగా ఎవురు చెప్పినారు? అది రాయి" అంది. కొట్టేసి అదీ రాశాను.

రెండో రోజే ఫోన్ వచ్చింది. నాకు కాదు, ఆమెకు. ఆరోజు షాపులో ఒక్క చీరా సరిగ్గా మడత పడలేదు. ఇంటికొచ్చి అన్నం కెలుకుతూ కూర్చున్నాను.

"మూతి ముడుచుకోని ఉండాకు. పొమ్మను, ల్యాకుంటే వద్దను. వద్దంటే పోను" అంది.

"పో" అన్నాను. అది నాకే వినపడనంత చిన్నగా వచ్చింది. ఆమె మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

నిన్న షూటింగ్. ఊరి బయట పల్లెటూరి సెట్ వేశారు. ఆమె సంచీ పట్టుకుని నేను నీడకు నిలబడితే ఒకాయన వచ్చి, "డ్రైవర్లు అటువైపు కూర్చోవాలి" అన్నాడు. నేను కదలబోయాను. మేకప్ చేయించుకుంటున్న గంగ అక్కడి నుంచే కేకేసింది.

"ఆయప్ప డ్రైవర్ గాదు సామీ. మా ఇంటాయన. ఆర్టిస్టు."

ఆయన క్షమించమని కుర్చీ తెచ్చి వేశాడు. ఈ ఊళ్లో నన్ను ఆర్టిస్టు అన్న మొదటి మనిషి ఆమే. సంతోషపడాలి కదా? ఆ మాట కూడా ఆమె నోటి నుంచే రావాల్సి వచ్చిందే అని ఇంకా కుళ్లుకున్నాను. ఆ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను, లేచి పోనూ లేకపోయాను. ఆమె సీను మొత్తం చూశాను. బాగా చేసిందక్కా. చాలా బాగా చేసింది. రాత్రి ఆమెతో ఆ మాట అందామని నోటిదాకా తెచ్చుకుని, "వానొచ్చేట్టుంది" అన్నాను.

బావకు ఈ సంగతి అప్పుడే చెప్పకు. మైలవరంలో మా అత్తగారింటికి గంగే చెప్పుకుంటుంది. వీలైతే చెనిక్కాయల పొడి బస్సులో పంపు. పులివెందుల పెద్దమ్మకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నా ఆరోగ్యం బాగుంది, నిజంగా బాగుంది, బెంగపడకు.

ఈసారి బ్రహ్మంగారిమఠం పోయినప్పుడు నా పేరు చెప్పి మొక్కుకో. నాకూ ఒక్క వేషం రావాలని. గంగ పేరు కూడా చెప్పు. కానీ నా పేరే ముందు చెప్పు.

నీ దీవెన కోసం చూసే తమ్ముడు,
ఓబులేసు