పాడని జత

ఆదివారం, మధ్యాహ్నం

నన్ను వదిలేసి వెళ్ళినా నాకు ఇష్టంగానే మిగిలిపోయిన అక్కకి,

నీ కబురు అందింది. నీటి పరీక్షల ల్యాబ్‌లో ఆ ఉద్యోగం నెలాఖరు దాకా నా కోసం ఆపి ఉంచుతారనీ, నీ గదిలో నాకోసం ఇంకో మంచం కూడా వేయించావనీ అమ్మ వంటింట్లో గిన్నెల చప్పుడు చేస్తూ చెప్పింది, నాన్నకి వినపడకుండా. ఫోన్ చేసి మాట్లాడొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అడ్డుపడతావు, నేను ఏడుస్తాను, ఇద్దరం ఏదీ తేల్చకుండానే పెట్టేస్తాం. అందుకే ఉత్తరం.

ముందు నీ గది సంగతి. మన గది అనాలి కానీ ఇప్పుడు అది మన ఇద్దరిదీ కాదు. నీ మంచం ఉన్న గోడ పొడవునా పిట్టల పంజరాల అరలు లేచాయి. నువ్వు వెళ్ళిన నెలలోనే నాన్న మేకులు కొట్టడం మొదలుపెట్టాడు. పెరట్లో పిట్టలు ఎగరడానికి వలగది ఉండగా ఇంట్లో ఇన్ని ఎందుకంటే, జత కట్టాల్సినవి కళ్ళ ముందు ఉండాలన్నాడు. కిటికీకి ప్లాస్టిక్ షీటు బిగించేశాడు, గాలి తగిలితే పిల్లలు చచ్చిపోతాయట. పైన దీపానికి టైమరు పెట్టాడు. రోజూ బయట చీకటి పడ్డా నా గదిలో ఇంకా పగలే. పగలు పొడుగ్గా ఉందనుకుని అవి గుడ్లు పెడతాయి. నేనేమీ పెట్టను కాబట్టి ఊరికే కళ్ళు మండించుకుంటూ కూర్చుంటాను. జంతుశాస్త్రం చదివానని చెప్పుకుంటాను కదా, ఇప్పుడు జంతువుల గిన్నెలు కడుగుతున్నాను. నానబెట్టిన గింజలు, ఉడకబెట్టి చిదిమిన గుడ్డు, సున్నపు ముక్క, స్నానానికి పళ్ళెంలో నీళ్ళు. అమ్మ ఊరుకోదుగా. "నాకు గుడ్డు ఉడకబెట్టి చిదిమి పెట్టిన రోజు ఒక్కటి చెప్పమను మీ నాన్నని. ఈ పిట్టల తర్వాత ఆయనకి నేను రెండో పెళ్ళాన్నే," అంటుంది. నాన్న వినపడనట్టు ఉంటాడు.

నేను వెళ్తానని ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట. "ఈ విడత పిల్లలు గూడు దిగనీ, అప్పుడు చూద్దాం." అవి దిగేసరికి పక్క పంజరంలో మళ్ళీ గుడ్లు. ఈ ఇంట్లో గుడ్లు లేని రోజంటూ ఉంటే కదా నేను బయటపడేది! ఈ ఫించ్ పిట్టలకి ఏడాదంతా గుడ్లు పెట్టడం అలవాటు చేసిన మనిషే, అవి పెట్టడం ఆపాక వెళ్ళమంటాడు.

ఆ పరీక్ష కూడా ఇంకా పోలేదు. గుర్తుందిగా, సొసైటీ ఫించ్‌లలో ఆడా మగా ఒకేలా ఉంటాయి, అదే గోధుమ మచ్చలు, అదే ముక్కు. మగది పాడుతుంది, ఆడది కిచుక్కుమని ఊరుకుంటుంది, అంతే తేడా. మనిద్దరినీ గోడ వైపు తిప్పి నిలబెట్టి "ఏది పాడింది?" అని అడిగేవాడు. తప్పు చెప్పినవాళ్ళు ఆ పూట నీళ్ళ గిన్నెలు కడగాలి. నువ్వు కావాలని తప్పు చెప్పి నన్ను కాపాడేదానివి. ఇప్పటికీ రోజుకి పదిసార్లు నా వెనక నిలబడి, "ఏది పాడింది, చెప్పు చూద్దాం," అంటాడు. డిగ్రీ ఇచ్చినవాళ్ళు కూడా ఒక్కసారి పరీక్ష పెట్టి వదిలేశారక్కా.

అసలు రాయాలనుకున్నది ఇది కాదు. మొన్న గింజల కొట్టాయన వచ్చాడు. అమ్మాయి చదువు అయిపోయిందిగా, ఏం చేయిస్తున్నారు అని అడిగాడు. నేను తలుపు వెనకే ఉన్నాను, చేతిలో పీచు గూళ్ళు పట్టుకుని. నాన్న ఏమన్నాడో తెలుసా? "దాన్ని బయటికి పంపితే ఏం చేస్తుందండీ, దానికి ఈ పిట్టలు తప్ప ఇంకోటి రాదు," అన్నాడు. కోపంగా కాదు, చాలా మామూలుగా. నీ బరువు ఇంత అని చెప్పినట్టు. ఆ పీచు నా వేళ్ళకి గుచ్చుకుంటోందని కాసేపటికి గానీ తెలియలేదు.

అందుకని నేను వస్తున్నాను. నువ్వు పరీక్ష రాసి వస్తానని చెప్పి వెళ్ళిపోయినట్టు కాదు. చెప్పే వస్తాను. ఎలా చెప్పాలో ఇంకా తెలియదు. ల్యాబ్ వాళ్ళకి మాత్రం సరే అను.

నీ తోక


బుధవారం

అక్కా,

సరే అనమన్నాను కదా. వద్దను. వేరే ఎవరినైనా చూసుకోమను. కారణం చదివాక నన్ను తిట్టు, పడతాను.

పోయిన నెల నాకు జ్వరం వచ్చి వారం రోజులు అమ్మ గదిలో పడుకున్నానని చెప్పాను కదా. ఆ వారంలో నాన్న ఒక్కడే చిన్నవాటిని జతలుగా వేశాడు. కిటికీ దగ్గర పంజరంలో వేసిన జత ఆయనకి గర్వకారణం. ఎప్పుడు చూసినా రెండూ ఒకే గూట్లో ఒకదాన్ని ఒకటి ఒరుసుకుని ఉంటాయి. గూట్లో తొమ్మిది గుడ్లు! మామూలుగా అయిదో ఆరో. "చూశావా నా చెయ్యి," అని అమ్మని కూడా పిలిచి చూపించాడు. అమ్మ చూసి, "పాపం, ఇన్నిటిని ఎలా సాకుతుందో," అని వెళ్ళిపోయింది.

నేను టార్చి వేసి చూశాను. పిల్ల కడుతుంటే ఈపాటికి లోపల నెత్తురు ఎర్ర దారాల్లా కనపడాలి. ఒక్క దాంట్లోనూ లేవు. కడిగిన గాజులా అవతలి వేలు కనపడుతోంది. అప్పుడు ఆ పంజరం ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. గింజలు తిన్నాయి, స్నానం చేశాయి, కిచుక్కుమన్నాయి. సాయంత్రం దాకా ఒక్కటీ పాడలేదు. రెండూ ఆడవే అక్కా. రెండూ పెట్టాయి, అందుకే తొమ్మిది. రెండూ నిష్ఠగా పొదుగుతున్నాయి, ఏమీ లేని గుడ్లని.

నాన్న తప్పు చేశాడా అని ముందు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో ఆయన జత తప్పడం నేను చూడలేదు. పిట్టని కళ్ళతో చూసి ఆడో మగో చెప్పేవాళ్ళంటే ఆయనకి ఎంత చులకనో నీకు తెలుసు, సంతలో వంకాయలు ఏరుకునేవాళ్ళు అంటాడు. చెప్పి ఏడిపిద్దామని వెనక్కి తిరిగాను. నాన్న అవతలి అర దగ్గర నీళ్ళు మారుస్తున్నాడు. ఆయన చెవికి జానెడు దూరంలో ఒక ముసలి మగ పిట్ట ఒళ్ళంతా ఉబ్బించి, గొంతు వణికిస్తూ, సన్నటి రాట్నం తిప్పినట్టు ఆపకుండా పాడుతోంది. నాన్న గిన్నె తుడుస్తూ అన్నాడు:

"ఇవాళేంటే, ఇవన్నీ మూగనోము పట్టాయి?"

ఆ పిట్ట పాట అయిపోయింది, మళ్ళీ మొదలుపెట్టింది. ఆయన ముఖంలో ఏమీ కదల్లేదు.

నా చదువయ్యాక ఈ రెండేళ్ళుగా "ఏది పాడింది" అని నా వెనక నిలబడి అడుగుతున్నది పరీక్ష కాదక్కా. నిజంగానే అడుగుతున్నాడు. నేను విసుక్కుంటూ "అదిగో, మూడో అరలోది" అనగానే తల ఊపి, తనకి ముందే తెలిసినట్టు వెళ్ళి దాన్ని పట్టుకునేవాడు. నాకు మార్కులు వేస్తున్నాడనుకుని నేను మండిపడేదాన్ని.

అమ్మని అడిగాను. కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండానే చెప్పింది. "కుక్కరు మూడు ఈలలు వేస్తే మీ నాన్న ఇంకా ఒకటీ రాలేదంటాడు. నేను తెలియనట్టు ఉంటాను. మాటలు బాగానే వినపడతాయిగా, ఆ సన్న చప్పుళ్ళే పోయాయి. ఏం చెప్పమంటావు? ఆయన చెప్పుకోనిది నేనెందుకు చెప్పాలి?" మరి నేను వెళ్ళకుండా ఆపుతున్నది దానికేనా అన్నాను. అమ్మ కత్తిపీట పక్కకి జరిపి, చేతులు తుడుచుకుని, ఇంకేదో పని ఉన్నట్టు లేచింది.

ఇప్పుడు చెప్పు, ఎలా రాను? తలుపు వేసిన మనిషి మీద ఇన్నాళ్ళూ కోపంతో బతికాను. ఆ కోపమైనా నాది. ఇప్పుడు అదీ లేదు. దీపం ఆరే వేళకి ఆ రెండు ఆడపిట్టలూ గూట్లోకి దూరి సర్దుకుంటుంటే చూస్తూ పడుకుంటున్నాను. గుడ్లు తీసేద్దామని చెయ్యి పెడితే రెండూ కలిసి పొడిచాయి. తియ్యలేదు.

ల్యాబ్ వాళ్ళకి వద్దని చెప్పు. మంచం మాత్రం తీయించకు.

నీ తోక


బస్సు స్టాండు, ఉదయం

అక్కా,

ఈ ఉత్తరం ముందు చేరుతుందో నేను ముందు చేరతానో తెలియదు. అయినా రాస్తున్నాను. బస్సుకి ఇంకా టైముంది, పక్కన కూర్చున్నావిడ తన కోడలి గురించి మొదలుపెట్టింది, రాస్తున్నట్టు ఉంటేనే వదులుతుంది. ల్యాబ్ వాళ్ళకి నువ్వు నా మాట చెప్పనే లేదట. నీ మొండితనానికి ఓ దండం.

జరిగింది ఇది. శనివారం గింజల కొట్టాయన మళ్ళీ వచ్చాడు. వాళ్ళ డాబా మీద కొత్తగా వలగది కట్టించాడు. పిల్లలు చేసే మంచి జత ఒకటి కావాలన్నాడు. నాన్న నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళి ఆ పంజరమే దింపాడు. "ఇంతకంటే మంచి జత నా దగ్గర లేదు. తొమ్మిది పెట్టాయి," అన్నాడు. ఆయన చేతుల్లో పంజరం ఊగుతోంది, లోపల రెండూ కమ్మీ పట్టుకుని ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. అది కొట్టాయన ఇంటికి వెళ్తుంది, నెలలు గడుస్తాయి, వట్టి గుడ్లు తప్ప ఏమీ రాదు, ఆయన ఊరందరికీ చెప్తాడు. ఇవన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు కనపడ్డాయి. నాన్నని పక్కకి పిలిచి చెప్దామనుకున్నాను. గుసగుసగా చెప్తే నాన్నకి వినపడదు కదా.

"నాన్నా, అవి రెండూ ఆడవే," అన్నాను, గట్టిగానే.

కొట్టాయన నవ్వేశాడు. "ఏంటి గురువుగారూ, అమ్మాయి మీకే పాఠం చెప్తోంది?"

నోరు ముయ్యమంటాడనుకున్నాను. నాన్న పంజరం బల్ల మీద పెట్టి, దాని మీద గుడ్డ సరిచేసి, "మీరు రేపు రండి. వేరేది ఇస్తాను," అన్నాడు. కొట్టాయన వెళ్ళాక నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి నడిచి, వలగదిలో బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. నేనూ వెళ్ళి, పిట్టలు బయటికి పోకుండా రెండో తలుపు వేసి నిలబడ్డాను. పైన కొమ్మల మీద నలభై, యాభై పిట్టలు ఒకటే గోల. ఎండ, రెట్ట వాసన. నాన్న తల పైకెత్తి వాటినే చూస్తున్నాడు.

"ఎన్నాళ్ళయింది నాన్నా?"

"నీ కాలేజీ అయిపోయిన ఏడాది. ముందు పాటలో చివరి ముక్క పోయింది. పిట్టే తప్పు పాడుతోందనుకున్నాను. తర్వాత మొత్తం పోయింది. నోళ్ళు ఆడుతుంటాయి, అంతే."

చెప్పొచ్చుగా అన్నాను. ఏమని చెప్పను, పిట్టల్ని పెంచేవాడికి చెవుడని చెప్పనా అన్నాడు. నాకు ఇవి తప్ప ఏమీ రాదని ఆ కొట్టాయనతో ఎందుకన్నారు అని అడగాలని చాలా ఉంది. ఆ ముఖం చూస్తూ అడగలేకపోయాను. దాని బదులు, "నేను అక్క దగ్గరికి వెళ్తున్నాను. ఉద్యోగం ఉంది," అన్నాను.

"ఈ విడత..." అన్నాడు. అలవాటుగా నోటికొచ్చిన మాట. మిగతాది ఆయనే ఆపుకున్నాడు. చివరికి మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేస్తూ, "నోరు ఆడేది కనపడుతుందిగా. ఒళ్ళు ఉబ్బించేది కనపడుతుందిగా. చూసి చెప్తాను. చూడ్డానికి నువ్వెందుకు?" అన్నాడు.

తిట్టాడో పంపాడో ఇప్పటికీ నాకు తెలియదు. అమ్మని అడిగితే, రెండూ అంది.

ఆ రోజు నుంచి కళ్ళజోడు పెట్టుకుని పంజరాల ముందు కూర్చుంటున్నాడు, వంకాయలు ఏరేవాడిలా. మనిషి ముఖం అంత దగ్గర పెట్టి చూస్తే ఏ పిట్ట పాడుతుంది చెప్పు? అవి మూల నక్కి ఆయన్నే చూస్తాయి. ఇద్దరు మొండివాళ్ళ మధ్య పంతం. అమ్మ కాఫీ అక్కడికే తెచ్చి ఇచ్చి, "ఇన్నేళ్ళలో నన్ను ఇలా చూసి ఉంటే," అని వెళ్ళిపోతోంది.

ఇవాళ పొద్దున్న నేను సంచి సర్దుకుని లేచేసరికి, నాన్న కొత్త పిట్ట ఒకదాన్ని విడిగా పెట్టి చూస్తున్నాడు. అది అప్పుడే స్నానం చేసి కమ్మీ మీదికి ఎక్కింది. రెక్కలు విదిల్చి, ఒళ్ళంతా ఉబ్బించి, ముక్కు తెరిచి మూసింది. పాడలేదు. పాట వచ్చింది వెనక అరలోంచి. ఇది ఆడదే, నిన్నంతా కిచుక్కుమనడమే విన్నాను. నాన్న ముఖం వెలిగిపోయింది. "చూశావా? మగది," అన్నాడు నాతో. తలుపు తీసి, దాన్ని పిడికిట్లో పట్టుకుని, ఒంటరిగా ఉన్న ఆడపిట్ట పంజరంలో వేసి, చేతులు దులుపుకున్నాడు. నా వైపే చూస్తున్నాడు, నేను మార్కులు వెయ్యాలన్నట్టు.

నోరు తెరిచాను. అమ్మ నీళ్ళ సీసా నా చేతిలో పెట్టబోతూ ఆగిపోయింది.

"చూశాను నాన్నా," అన్నాను.

ఇంకో నెలకి ఆ గూడు కూడా నిండిపోతుంది. ఆయన టార్చి వేసి చూసుకుంటాడు, లోపల ఏమీ ఉండదు. అప్పుడు మళ్ళీ కూర్చుంటాడు, ఇంకాస్త ఓపిగ్గా. నేను లేకుండానే తెలుసుకుంటాడు. లేకపోతే తెలుసుకోడు. బస్సు వచ్చేట్టుంది. ఎందుకు చెప్పలేదే అని నువ్వు ఎలాగూ అడుగుతావు. చెప్పి ఉంటే సంచి కింద పెట్టేదాన్ని అక్కా.

దారిలో ఉన్న
నీ తోక