బుడ్డ బండికి గిరాకీ లేదట

2011 ఆగస్టు 9, మంగళవారం

ఈ రోజు ఒక మనిషికి అబద్ధం చెప్పాను. షోరూమ్ రిసెప్షన్‌లో అది చెప్పడమే నా ఉద్యోగం. అయినా కోపం తగ్గడం లేదు. అందుకే రాస్తున్నాను.

ఆమె పేరు తాజున్నీసా. కోరుట్ల. నలభై అయిదు దాటి ఉంటాయి. ఊరూరా వారం అంగళ్లలో గిన్నెలు, బకెట్లు అమ్ముతుంది. భర్త పాషా ఇన్నేళ్లూ కిరాయి ట్రాలీ ఆటో నడిపి ఆమె సామాను చేరవేసేవాడట. షుగర్‌తో ఆయన చూపు పోయింది. ఇక తనే నడుపుతానని డ్రైవింగ్ నేర్చుకుని, లైసెన్స్ తీసుకుని, బండి కొనడానికి ఒక్కతే జగిత్యాలలో మా షోరూమ్‌కు వచ్చింది.

గోడ మీద చిన్న పికప్ పోస్టర్ ఉంది. దానికి కంపెనీ పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరగదు. అందరూ బుడ్డ బండి అంటారు. ఆమె నేరుగా పోస్టర్ దగ్గరికి పోయి వేలు పెట్టింది. "గిదే గావాలె బిడ్డా. మా గల్లీల గిదే పడుతది."

స్టాక్ లేదు, రాగానే చెప్తానన్నాను. ఇక తెప్పించరని తెలిసే అన్నాను. మేనేజర్ చంద్రమౌళి సార్ జూన్ నుంచి అలాగే చెప్పమన్నారు. బుడ్డది అడిగిన వాళ్లకు పెద్ద పికప్ చూపించాలి. చూపించాను. ఎక్కి కూర్చోమన్నాను. ఆమె పొట్టి మనిషి. సీటు అంచుకు జరిగినా పాదాలు క్లచ్‌కు అందలేదు. వెనక ఇద్దరు సేల్స్ వాళ్లు నవ్వారు. సార్ చాయ్ తెప్పిస్తే ఆమె రంజాన్ రోజాలో ఉన్నానని చెప్పి దిగింది. దిగడానికి కూడా నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది.

ఎంక్వైరీ షీట్‌లో ఆమె పేరు రాశాను. మోడల్ అన్న చోట పెద్దదాని పేరు రాశాను. అదీ సార్ చెప్పిందే.

ఆగస్టు 12, శుక్రవారం

పోస్టర్ పీకేశారు.

ఆగస్టు 20, శనివారం

బుడ్డ బండి ఎందుకు రావడం లేదని ఈ వారమంతా అడిగాను. ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. అన్నీ నిజంలాగే ఉన్నాయి. అదే ఇంకా మంట.

చంద్రమౌళి సార్ చెప్పింది: పొగ రూల్స్ మారాయి. ఇంజిన్ మార్చాలంటే పెద్దదానికి ఎంత ఖర్చో చిన్నదానికీ అంతే. ఆ ఖర్చు కలిపితే చిన్నది చవక బండి కాదు. పైగా ఒక పెద్దది అమ్మితే మూడు చిన్నవి అమ్మిన లాభం. "నా కుర్సీల నువ్వున్నా గదే జేస్తవ్" అన్నారు.

ఫైనాన్స్ అతను చెప్పింది: లోన్ చిన్నదైనా పెద్దదైనా సంతకాలు అన్నే, ఇంటి చుట్టూ తిరుగుడు అంతే. చిన్నదానికి ఎవరు తిరుగుతారు?

వర్క్‌షాప్‌లో ముత్తయ్య కాక ఉన్నాడు. ముప్పై ఏళ్ల మెకానిక్. స్పానర్ తుడుచుకుంటూ చెప్పాడు. "గది చెడిపోదు బిడ్డా. గదే దాని తప్పు. ఆయిల్ మార్పిచ్చుకోని పోతరు, మల్ల ఏడాది దాక రారు. గట్లైతె గీ వర్క్‌షాప్ ఎట్ల నడుస్తది?"

అందరికీ పోషించలేని బిడ్డ అయిపోయింది అది. అమ్మేవాడికి వద్దు, అప్పిచ్చేవాడికి వద్దు, బాగు చేసేవాడికి వద్దు. కొనేవాళ్లకు కావాలి. వాళ్లను ఎవరు అడిగారు?

నిజం రాయాలంటే ఇంకోటి కూడా రాయాలి. కొనేవాళ్లలో కొందరు బుడ్డది అడిగి, పెద్దదాని అద్దాలు చూసి, ఊళ్లో ఇజ్జత్ అని అదే తీసుకుపోయారు. నేను వాళ్లకు దండ వేసి ఫోటో దిగాను.

సెప్టెంబర్ 3, శనివారం

రంజాన్ అయిపోయింది. తాజున్నీసా మళ్లీ వచ్చింది, స్టీల్ డబ్బాలో షీర్ ఖుర్మా పాయసం పట్టుకుని. నాకోసం. బండి వచ్చిందా అని కూడా అడగలేదు మొదట, తిన్నావా బిడ్డా అని అడిగింది.

తిన్నాను. తిని, రాలేదని చెప్పాను.

సెప్టెంబర్ 13, మంగళవారం

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు బంద్, స్కూళ్లు బంద్. పాత బస్టాండ్ దగ్గర టెంట్ వేశారు. సిరిసిల్లలో మగ్గం నేసే మా బాపు ఫోన్ చేశాడు. అక్కడ మగ్గాలు ఆపి అందరూ రోడ్డు మీద కూర్చున్నారట. బాపు గొంతులో ఇంత హుషారు నేను ఎప్పుడూ వినలేదు. నేను మాత్రం ఏసీ షోరూమ్‌లో రిసెప్షన్ బల్ల వెనక.

సెప్టెంబర్ 19, సోమవారం

బస్సులు కూడా ఆగిపోయాయి. ఆర్టీవో ఆఫీస్‌కు తాళం. బండ్లు అమ్మినా నంబర్ రాదు. కస్టమర్ ఒక్కడు లేడు.

సెప్టెంబర్ 23, శుక్రవారం, మధ్యాహ్నం

పని లేక వెనక యార్డ్‌కు పోయాను. మామూలుగా మమ్మల్ని అటు రానివ్వరు. వాచ్‌మన్ టెంట్ దగ్గర ఉన్నాడు. మూలన నీలం టార్పాలిన్ కింద ఏవో ఉన్నాయి. ఎత్తి చూశాను.

బుడ్డ బండ్లు. మూడు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు.

అదే రోజు, సాయంత్రం 6

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేరుగా సార్ దగ్గరికి పోయి అడిగాను. ఆయన దాచలేదు. మూడూ మే నెలలో వచ్చాయట. అమ్ముడుపోలేదని చెప్పి కంపెనీకి వాపస్ పంపడానికి ఉంచారట. ఇవి షోరూమ్‌లో కనబడితే పెద్దవి కదలవు. ఈ జిల్లాలో వాటికి గిరాకీ లేదని రిపోర్ట్ కూడా పోయిందట. ఎక్కడా గిరాకీ లేకపోతే తయారీ ఆపేస్తారు. అప్పుడు ఎవరూ అడగరు, నీకూ అబద్ధం చెప్పే కష్టం తప్పుతది అని నవ్వారు.

రిపోర్ట్ ఎక్కడిది అని అడిగాను. నా ఎంక్వైరీ షీట్లు తీసి బల్ల మీద వేశారు. జూన్, జులై, ఆగస్టు. బుడ్డ బండి కింద సున్నా, సున్నా, సున్నా. అన్నీ నా చేతిరాత.

కంపెనీని తిట్టాను, ఫైనాన్స్‌ను తిట్టాను, సార్‌ను తిట్టాను. ఇన్నాళ్లూ దాన్ని చంపుతున్నది నా పెన్ను.

సెప్టెంబర్ 25, ఆదివారం

బస్సులు లేవు. కోరుట్లకు ఒక జీప్ పోతుంటే వెనక వేలాడుతూ పోయాను. దారిలో రెండు చోట్ల రాస్తారోకో. జీప్ ఆపినప్పుడల్లా దిగి, జై తెలంగాణ అని, మళ్లీ ఎక్కడం.

తాజున్నీసా ఇల్లు ఖాజీ గల్లీ చివర. గల్లీలో రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తాకుతాయి అనిపించింది. గిన్నెల మూటలు ఇంటి ముందు గుట్టలుగా ఉన్నాయి. బస్సులూ ఆటోలూ దొరకక మూడు అంగళ్లు పోయాయట. ఆ ముందు వారం తలమీద మూట పెట్టుకుని మెట్‌పల్లి దారిలో నాలుగు మైళ్లు నడిచిందట. మెడ పట్టేసింది. నూనె రాసిన గుడ్డ చుట్టుకుని ఉంది.

అంతా చెప్పాను. యార్డ్, టార్పాలిన్, షీట్లు, నా చేతిరాత.

ఆమె లేచి నిలబడింది.

"నీ మొఖం జూసి నమ్మిన గదనే! సేట్‌ను నమ్మలె, మేనేజర్‌ను నమ్మలె. ఆడపిల్ల, మన దిక్కు పిల్ల, అబద్ధం చెప్పదనుకున్న. నా చేతి ఖుర్మా తిని గూడ చెప్పినవ్!"

తల దించుకున్నాను. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను.

మంచం మీద కూర్చున్న పాషా గొంతు వినిపించింది. "తాజూ, గిప్పుడన్న చెప్పింది గద. నీళ్లియ్యి పిల్లకు."

నీళ్లు ఇచ్చింది. గ్లాసు నా ముందు ఠంగున పెట్టింది. నేను తాగుతుంటే అడిగింది, ఆ షోరూమ్ గేటు ముందు ఎంత జాగా ఉంటది అని.

సెప్టెంబర్ 29, గురువారం

నా జన్మలో ఇలాంటి రోజు ఇంకోటి రాదు.

పదింటికి రెండు ట్రాలీ ఆటోలు వచ్చి షోరూమ్ గేటు ముందు ఆగాయి. తాజున్నీసా దిగింది. మెడకు ఇంకా గుడ్డ ఉంది. వెనక పదకొండు మంది ఆడవాళ్లు. అంగళ్లలో ఉల్లిగడ్డలు, గాజులు, ఎండు చేపలు అమ్మేవాళ్లు. అందరికీ బండి కష్టమే. గేటుకు అడ్డంగా పొయ్యి రాళ్లు పెట్టారు. తన అమ్మకపు సరుకులోంచే కొత్త గిన్నెలు, పెద్ద గంజులు తీసి, లేబుల్ కూడా పీకకుండా పొయ్యి మీద పెట్టింది తాజున్నీసా. తెలంగాణ అంతా రోడ్ల మీద వంటా వార్పూ జరుగుతోంది గదా, ఇదొకటి మా షోరూమ్ ముందు.

చంద్రమౌళి సార్ పరుగున పోయి ఏంది ఇది అని అరిచారు. మొగిలవ్వ అనే ముసలామె ఉల్లిగడ్డ కోస్తూనే జవాబు చెప్పింది. "బువ్వ వండుతున్నం. నువ్వు దాసిన బండ్లు బయటికొచ్చే దాక వండుతనే ఉంటం."

టెంట్ దగ్గరి పిల్లలు పొగ చూసి ఊరేగింపుగా వచ్చారు. సమ్మె ప్రోగ్రామే అనుకుని నినాదాలు అందుకున్నారు. తాజున్నీసా వాళ్లతో కలిసి గొంతు చించుకుని జై తెలంగాణ అంది. ఆ తర్వాత వాళ్ల మైకే తీసుకుంది. "తెలంగాణ అస్తది. అచ్చినంక గూడ గీ పెద్ద బండి మా గల్లీల పడుతదా? నా మెడ మీద మూట ఎవలు దింపుతరు?"

చప్పట్లు మోగాయి. జనం రెండు వందలయ్యారు. పప్పు సరిపోక ఇంకో గంజు ఎక్కించారు.

ఓనర్ ఒంటి గంటకు వచ్చాడు. కారు లోపలికి రాలేదు. దిగి పొయ్యిలు దాటుకుంటూ వచ్చాడు. అద్దాలు పగులుతాయని భయం. ఎవరూ రాయి ఎత్తలేదు, అందరి చేతుల్లో విస్తరాకులే ఉన్నాయి. అయినా అతనికి చెమట పట్టింది. టార్పాలిన్ తీయించాడు. మూడూ అమ్మేయమన్నాడు, అసలు ధరకే.

తర్వాత మా వైపు తిరిగి, యార్డ్ సంగతి ఎవరు చెప్పారని అడిగాడు.

నేనే అన్నాను.

రేపటి నుంచి రావద్దన్నాడు. సరే అని బయటికి పోయి వాళ్ల పంక్తిలో కూర్చుని తిన్నాను. ముత్తయ్య కాక వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఉప్పు ఎక్కువైంది. అయినా మారు వడ్డించుకున్నాను.

సెప్టెంబర్ 30, శుక్రవారం

తాజున్నీసా ఒక బండి తీసుకుంది. గేటు బయట నిలబడి చూశాను. మిగతా రెండూ పొద్దున్నే పోయాయి. నంబర్ ప్లేట్ మీద నంబర్ లేదు, టీజీ అని రెండు అక్షరాలు రాయించింది. సీటులో కూర్చుని పాదం క్లచ్ మీద పెట్టి తొక్కింది. పాషా చేతితో బండి చుట్టూ తడుముకుంటూ తిరిగాడు. హెడ్‌లైట్ దగ్గర ఆగి నవ్వాడు.

నాతో ఆమె మాట్లాడలేదు. పోతూ మాత్రం హారన్ కొట్టింది.

అక్టోబర్ 4, మంగళవారం

సద్దుల బతుకమ్మ. బస్సులు లేవు, ఇంటికి పోలేదు. మా రూమ్ ఓనరమ్మ బతుకమ్మతో పోయాను. తిరిగి వచ్చి ఒక పని మొదలుపెట్టాను.

నా పాత నోట్‌బుక్‌లో కస్టమర్ల ఫోన్ నంబర్లు అన్నీ ఉన్నాయి. అరవై ఒక్క మంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడుగుతున్నాను, మీరు నిజంగా ఏది అడిగారు అని.

అక్టోబర్ 9, ఆదివారం

నలభై మూడు మంది బుడ్డదే అడిగారు.

పేర్లు, ఊర్లు, ఫోన్ నంబర్లతో లిస్ట్ చేశాను. వెనకటి షీట్లు అబద్ధమని, రాసింది నేనే అని కింద సంతకం పెట్టి స్కాన్ చేయించాను. నెట్ సెంటర్‌లో మూడుసార్లు కరెంట్ పోయింది. నాలుగోసారి మెయిల్ పోయింది, కంపెనీ హెడ్డాఫీస్‌కు.

అక్టోబర్ 18, మంగళవారం

జవాబు వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. మీ ఫీడ్‌బ్యాక్ మాకు విలువైనది. ఆ మోడల్ తయారీ గత నెలతో ముగిసింది. మీ అవసరాలకు మా పెద్ద మోడల్ పరిశీలించగలరు. బ్రోచర్ జతచేశారు.

అంటే నేను అరవై ఒక్క మందికి ఫోన్ చేస్తున్నప్పటికే ఫ్యాక్టరీలో దాని అచ్చులు విప్పేశారు. ఒక జిల్లా రిపోర్ట్‌తో ఆగిందని నేను అనుకోవడం లేదు. అంత గొప్పదాన్ని కాదు. కానీ ప్రతి ఊళ్లోనూ ఒక చంద్రమౌళి ఉండి ఉంటాడు, ప్రతి చంద్రమౌళికీ నాలాంటి పిల్ల ఒకతి ఉండి ఉంటుంది, చెప్పింది చెప్పినట్టు రాసేది. అందరం కలిసి రాశాం. ఆ రాతను చూసి పైవాళ్లు, జనానికి అక్కర్లేదు అని తేల్చారు. తేల్చడం వాళ్లకూ లాభమే.

ఆ బ్రోచర్ ప్రింట్ తీసి చింపుదామనుకున్నాను. దానికి నాలుగు రూపాయలు దండగ. తిట్టుకుంటూ రూమ్‌కు వచ్చాను.

అక్టోబర్ 25, మంగళవారం

సమ్మె విరమించారు. పొద్దున తాజున్నీసా ఫోన్. ఇన్ని రోజుల తర్వాత. ఉద్యోగం దొరికిందా అని అడిగింది. లేదన్నాను. "మీ సిరిసిల్లల తువ్వాలలు, లుంగీలు అగ్గువ ధరకు దొరుకుతయంట గద. గిన్నెల పక్కన పెట్టి అమ్ముదం. నువ్వు ఇప్పిచ్చు, నేను నడుపుత. గని ఒక్క మాట. నాకు ఎన్నడన్న మల్ల అబద్ధం చెప్పినవంటె రోడ్డు మీద దింపేస్త."

సరే ఆపా అన్నాను, అక్కను పిలిచినట్టు. ఏడుపు వచ్చింది. ఫోన్ పెట్టేసేదాకా ఆపుకున్నాను.

నవంబర్ 20, ఆదివారం, సిరిసిల్ల

బుడ్డ బండి మా గల్లీలోకి వచ్చింది. ఈ గల్లీలోకి నాలుగు చక్రాలు రావడం నేను పుట్టాక ఇదే మొదలు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. అంత నిశ్శబ్దంలో మా అమ్మ గొంతు నాకే కొత్తగా వినిపించింది. నూలు చుట్టిన మగ్గం బీములు భుజాల మీద మోసీ మోసీ వంగిన మనుషులు బయటికి వచ్చి గోడలకూ బండికీ మధ్య సందు చూశారు. బాపు జానతో కొలిచాడు. రెండు జానలు.

గిది యాడ దొరుకుతది అని అడిగాడు.

తాజున్నీసా నా వైపు చూసింది. నేను నిజం చెప్పాను.