లాగిన్ తెరలో తెలుగు

తమ్ముడూ,

మంగళవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు ఆసుపత్రి వాళ్లు నన్ను సస్పెండ్ చేశారు. రికార్డుల గదిలోని ల్యాప్‌టాప్ నా పాస్‌వర్డ్ తీసుకోలేదు. ఐదుసార్లు కొట్టాక ఖాతా లాక్ అయింది, నేను తీసివ్వాల్సిన ఆపరేషన్ల జాబితా గంటన్నర ఆలస్యమైంది. "పాస్‌వర్డ్ కూడా గుర్తుండదామ్మా?" అని సూపరింటెండెంటు అరుస్తుంటే, ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకునే నువ్వు పక్కనే ఉన్నావు. "అక్కకు వయసు మీద పడిందిలెండి సార్" అని నవ్వావు.

ఆ నవ్వు నేను మరిచిపోను. పాస్‌వర్డ్ కూడా మరిచిపోలేదు.

నిన్న ఒక నర్సును బతిమాలి ఆ ల్యాప్‌టాప్ ఆన్ చేయించాను. రోజూ నేను తెర మీదున్న నా పేరు నొక్కి పాస్‌వర్డ్ ఒక్కటే కొడతాను, ఆ గడిలో చుక్కలే కనిపిస్తాయి. అందుకే కొత్త పేరు రాసే గడి తెరిపించి, అందులో ఏదైనా ఇంగ్లీషు మాట కొట్టమన్నాను. తెలుగు అక్షరాలు పడ్డాయి. ఆమె తీసిన ఫొటో నా దగ్గరుంది. సోమవారం సాయంత్రం కీబోర్డు సరిచేస్తానని ఆ ల్యాప్‌టాప్‌లోని లినక్స్ సెట్టింగుల్లో చెయ్యి పెట్టింది నువ్వే. లాగిన్ అయ్యాక లోపల రెండు భాషలూ ఉంచి, లాగిన్ తెరకు తెలుగు ఒక్కటే మిగిల్చావు. పొరపాటు ఎవరైనా చేస్తారు. నింద నా నెత్తిన పడుతుంటే, ముట్టుకున్నానని ఒక్క మాట చెప్పలేదే, అది పొరపాటు కాదు.

"వాడిది కొత్త ఉద్యోగం, నువ్వే సర్దుకోవే" అంటోంది అమ్మ. నాది పదకొండేళ్ల ఉద్యోగం. సర్దుకోను.

రేపు విచారణ. పదిన్నరకు నిన్ను పిలుస్తారు. పదకొండింటికి నన్ను.

అక్క