మూడు షరతుల కాగితం

వర్జీనియా రాష్ట్రం, ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ, షాంటిలీలో నివసిస్తున్న పాలపర్తి వీరభద్రరావు అనే నేను, డెబ్భై ఒక్క ఏళ్ళవాణ్ణి, పెళ్ళి చేసుకోనివాణ్ణి, కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి, ఇందుమూలంగా తెలియజేసేదేమంటే: నా మతి స్థిమితంగా ఉంది. క్లోమంలో కాన్సర్ ఉంది గాని అది ఇంకా మతిదాకా రాలేదు. ఈ వీలునామాను నా చేత ఎవరూ బలవంతంగా రాయించడం లేదు. శాంతి, స్నేహం అంటూ రాసిన ఒప్పందాలను ముప్ఫై ఏళ్ళు చదివాను. వాటిలో కొన్ని రాసేటప్పుడు రేవులో ఫిరంగుల ఓడలు నిలబడి ఉన్నాయి. నా రేవులో ఏ ఓడా లేదు కాబట్టి నా మాట నమ్మవచ్చు.

1. ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలు, చిత్తులు అన్నీ రద్దు. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత మా వీధిలోనే పెరిగి లాయరైన రేణుకు అప్పగిస్తున్నాను. ఆగస్టులో నేను రాసిన చిత్తు ఆమెకు చూపించాను. అందులో ఇల్లు నా తమ్ముడి భార్య ఉషకు ఇస్తూ, ఆమె కూతురు అదితి కాలేజీ పూర్తయ్యేవరకు అమ్మకూడదనీ, తర్వాత కూడా నేను పేర్కొన్నవారికే అమ్మాలనీ రాశాను. రేణు పెన్ను కింద పెట్టి, "అంకుల్, మీరు మళ్ళీ కండిషన్స్ పెడుతున్నారు. దిస్ ఈజ్ నాట్ ఎ గిఫ్ట్" అంది. నిజానికి ఆ వాక్యాలు రాస్తున్నప్పుడు నేను ఆలోచించనే లేదు. చెయ్యి అలవాటుగా రాసుకుపోయింది. చచ్చేముందు కూడా పోని అలవాటు అది.

2. షాంటిలీలోని ఈ ఇంటిని 1998లో నేనూ నా తమ్ముడు రాధాకృష్ణా చెరిసగం కొన్నాం. అతని సగం ఉషదే. నా సగం కూడా ఉషకు సర్వహక్కులతో ఇస్తున్నాను. ఎవరికైనా అమ్మవచ్చు, అద్దెకివ్వవచ్చు, కూలగొట్టించవచ్చు. ఈ క్లాజులో "అయితే" అన్న మాట లేదు. రేణు రెండుసార్లు వెతికింది.

3. 2003 ఫిబ్రవరిలో, మంచు కురుస్తున్న రోజు, రాధాకృష్ణ ఐ-66 హైవే మీద కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి అదితికి నాలుగేళ్ళు. ఉష ఈ దేశంలో ఉన్నది భర్త వీసా మీద. భర్త పోతే ఆ వీసా కూడా పోయినట్టే. ఎం.ఎస్.లో సీటు తెచ్చుకుంది కాని, స్టూడెంట్ వీసాకు మారాలంటే తన పోషణ చూసుకుంటానని ఎవరైనా అఫిడవిట్ ఇవ్వాలి. ఇవ్వగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇచ్చాను. ఇచ్చేముందు భోజనాల బల్ల మీద ఒక కాగితం పెట్టి సంతకం చేయమన్నాను.

అందులో మూడు షరతులున్నాయి. ఒకటి: బావగారికి తెలియకుండా ఎవరితోనూ ఏ ఒప్పందమూ, ఏ ఉత్తర ప్రత్యుత్తరమూ జరపను. రెండు: ఆయన అనుమతి లేకుండా పుట్టింటి తరఫు మనిషిని ఈ ఇంట్లో ఉండనివ్వను. మూడు: ఇంట్లో నా వాటాను ఆయనకు తప్ప మరెవరికీ అమ్మను, తాకట్టు పెట్టను, అనుభవానికి ఇవ్వను.

ఇవి నేను కల్పించినవి కావు. 1892 మార్చిలో బ్రిటిష్‌వాళ్ళు గల్ఫ్ తీరంలోని ఆరుగురు షేక్‌ల చేత చేయించుకున్న ఒప్పందంలోవి. బ్రిటిష్ ప్రభుత్వం అన్నచోట నా పేరు పెట్టాను. షేక్ భూభాగం అన్నచోట ఉష సగం ఇల్లు పెట్టాను. "నేనూ, నా వారసులూ" అన్న మాటను మాత్రం మార్చలేదు. పక్కగదిలో నిద్రపోతున్న నాలుగేళ్ళ పిల్ల కూడా ఆ మాటతో కట్టుబడిపోయింది.

ఉష చదివి, "ఇదంతా అవసరమా బావగారూ? మీరు చెప్తే వినేదాన్ని కదా" అంది. సంతకం చేసింది. ఆ కాగితానికి కోర్టులో పూచికపుల్ల విలువ కూడా లేదని నాకు తెలుసు. ఆమెకు తెలియదు. ఆ తెలియకపోవడం మీద నేను పెత్తనం చేశాను.

ఎందుకు చేశానని అదితి ఒకరోజు అడుగుతుంది కనుక రాస్తున్నాను. ఉష అన్న మోహన్ నెల్లూరు నుంచి వచ్చి తల్లినీ పిల్లనీ తీసుకుపోతాడని భయపడ్డాను. తమ్ముడు పోయాక నాకు మిగిలింది ఆ పిల్లే. వాళ్ళు వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనొక్కణ్ణే బిక్కుబిక్కుమంటూ కూర్చోవాలి. నా భయానికి వాళ్ళ రక్షణ అని పేరు పెట్టుకున్నాను. సముద్రపు దొంగల నుంచి కాపాడతామని గల్ఫ్‌కు వచ్చిన బ్రిటిష్‌వాళ్ళ గురించి పాఠాలు చెప్పి, వాటి నుంచి నేను నేర్చుకున్నది ఇదే.

సదరు కాగితాన్ని నేటితో రద్దు చేస్తున్నాను. అసలు ప్రతి నా బల్ల పైసొరుగులో ఉంది. ఉషకు ఇవ్వాలి.

4. మోహన్‌కు ఈ ఇంటి వీధితలుపు తాళంచెవి. 2004లో కాన్ఫరెన్స్ పని మీద అమెరికా వచ్చినప్పుడు అతన్ని చెల్లెలింట్లో ఉండనివ్వలేదు. డల్లెస్ ఎయిర్‌పోర్టు పక్క హోటల్‌లో మూడు రోజులున్నాడు. ఊరి నుంచి తెచ్చిన ఆవకాయ సీసా గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళాడు. ఆ ఆవకాయ నేను కూడా తిన్నాను, సిగ్గులేకుండా.

5. పైసొరుగులోనే పాత ఆన్సరింగ్ మెషీన్ తాలూకు చిన్న టేపు ఉంది. అది ఉషకు. ఆ టేపు ఉందని ఆమెకు తెలియదు.

మొదటి షరతు ప్రకారం ఉష తన సెల్ నంబరు పుట్టింటికి ఇవ్వలేదు. వాళ్ళు ఇంటి ఫోనుకే చేసేవారు. 2009 ఏప్రిల్‌లో ఆమె ఆఫీసులో ఉండగా తల్లి రాజేశ్వరమ్మగారు ఫోన్ చేశారు. నేను ఇంట్లోనే ఉన్నాను, తీయలేదు. మెషీన్‌లో ఇలా ఉంది: "బాబూ వీరభద్రం, నేను రాజేశ్వరమ్మని. ఒంట్లో బాగాలేదు నాయనా. ఉషని ఒక్కసారి ఫోన్ చెయ్యమని చెప్పు. పెద్ద పనేం లేదు, గొంతు వినాలనుంది."

చెప్పలేదు. తల్లిని చూడడానికి వెళితే, తిరిగి వచ్చేటప్పుడు వీసా స్టాంపింగ్ దగ్గర ఇరుక్కుపోతుందనుకున్నాను. అదితి స్కూలు ఇంకా అయిపోలేదనుకున్నాను. కారణాలకేం, కావలసినన్ని దొరుకుతాయి. పందొమ్మిది రోజుల తర్వాత, అమ్మ పోయిందని మోహన్ రాసిన ఉత్తరం వచ్చేసరికి కర్మకాండ కూడా ముగిసిపోయింది. ఆ ఉత్తరం మాత్రం ఉష చేతికే వచ్చింది. అమ్మకు బాగాలేదని నాకు ముందే తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. అబద్ధం చెప్పే ధైర్యం కూడా లేకపోయింది. ఆ రోజు నుంచి ఉష నాతో మాట్లాడిన మాటలు ఇవి: "భోజనం టేబుల్ మీద ఉంది." "ప్లంబర్ పదింటికి వస్తాడు." "మీకు డాక్టర్ దగ్గర నుంచి ఫోను."

ఆ టేపు చెరిపేద్దామని చాలాసార్లు చేతిలోకి తీసుకున్నాను. చెరపలేదు. ఇది మంచితనమని ఎవరూ అనుకోవద్దు.

6. ఒప్పందాల రికార్డుల మైక్రోఫిల్ములు, నలభై రెండు చుట్లు, ఆచార్య శశికాంత్‌కు. 1996లో నా వ్యాసాన్ని సమీక్షిస్తూ, వీరభద్రరావుగారు ఒప్పందం రాయించుకున్నవాడి కాగితాలన్నీ చదివారు గాని సంతకం పెట్టినవాడి పేరు కూడా సరిగ్గా చూడలేదని రాశాడు. పద్దెనిమిదేళ్ళు అతన్ని ఆడిపోసుకున్నాను. రెండు సభల్లో ఎదురుపడితే మొహం తిప్పుకున్నాను. అతను రాసింది నిజం. మైక్రోఫిల్ములు మాత్రం బరువుగా ఉంటాయి, అతనే వచ్చి మోసుకెళ్ళాలి.

7. నా తమ్ముడి కూతురు అదితికి నా భూతద్దం, గల్ఫ్ తీరపు పాత పటం. చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని ఆ పటం మీద రేవులు వేలితో లెక్కపెట్టేది. పోయినేడు కారులో వెళ్తుంటే, "పెదనాన్నా, మీరూ అమ్మా ఫైట్ చేశారా? వై డోంట్ యూ గైజ్ టాక్?" అని అడిగింది. పెద్దవాళ్ళ విషయాలన్నాను. జవాబు మూడు, అయిదు క్లాజుల్లో ఉంది తల్లీ. చదివాక నన్ను అసహ్యించుకోవాలనిపిస్తే అసహ్యించుకో. నువ్వంటే నాకు ప్రాణం. అది నిజమే, కాని దానివల్ల పైవి అబద్ధాలు కావు.

8. నా దహనం కౌంటీలో ఎక్కడ వీలైతే అక్కడ జరిపించే పని రేణుదే. ఉష గాని అదితి గాని రావాలని లేదు.

9. గల్ఫ్ ఒప్పందాలపై నేను రాసిన పదకొండు అధ్యాయాల పుస్తకం ప్రచురణకర్తల దగ్గర ప్రూఫుల దశలో ఉంది. 2005, 2006 సంవత్సరాల్లో నా చేతిరాతను కంప్యూటర్‌లో టైపు చేసింది ఉష. అడిగాను, కాదనలేదు. కాదనే వీలు నేను ఉంచలేదు.

ఈ జులైలో కీమో ఎక్కించుకుంటూ ప్రూఫులు చూశాను. అధ్యాయాలు అంతకు ముందే నాలుగుసార్లు దిద్దాను. చివరి అనుబంధాలను ఎప్పుడూ చూడలేదు, సంతకాల జాబితాలే కదా అని. నాలుగో అనుబంధంలో 1892 ఒప్పందం ఉంది. దాని కింద ఎడమవైపు ఆరుగురు షేక్‌ల పేర్లు, వాటికి ఎదురుగా రాయించుకున్న బ్రిటిష్ అధికారి పేరు. ఆరో పేరు కింద, అదే అక్షరాల్లో, అదే సైజులో ఏడో పేరు ఉంది: ఉషారాణి పాలపర్తి, షాంటిలీ, 14 ఆగస్టు 2003.

టైపు చేస్తున్నప్పుడే తన మూడు షరతులు ఎక్కడివో ఆమె చూసింది. నన్ను నిలదీయలేదు, కాగితం చింపలేదు. తన పేరు ఉండవలసిన చోట పెట్టి ఊరుకుంది. ఎనిమిదేళ్ళుగా అది నా పుస్తకంలో ఉంది. నేను చూడలేదు. రక్తంలోకి మందు ఎక్కుతుండగా ఆ కుర్చీలోనే ఏడ్చాను. నర్సు నొప్పి అనుకుని సూది సరిచేసింది.

దీని గురించి ఉషతో మాట్లాడే మొహం నాకు లేదు. 1971లో బ్రిటిష్‌వాళ్ళు తాము నిర్ణయించుకున్న ప్రకారమే గల్ఫ్ ఒప్పందాలు ముగించుకుని వెళ్ళిపోయారు. అప్పుడు కొందరు షేక్‌లు ఉండమనైనా అన్నారు. నన్ను ఉండమని ఎవరూ అనలేదు. పోయేది కూడా నా ఇష్టప్రకారం కాదు, రోగం ఇష్టప్రకారం.

పుస్తకం మీద, ప్రూఫుల మీద సర్వహక్కులూ ఉషవి. అచ్చు వేయించవచ్చు, పొయ్యిలో పెట్టవచ్చు. ప్రచురణకర్తలు ఏడో పేరు గురించి అడిగితే ఆమె చెప్పిందే జవాబు. ఆ పేజీలో నేను చేసిన దిద్దుబాటు ఒక్కటే. ఏడో పేరుకు ఎదురుగా, రాయించుకున్నవాడి పేరు ఉండవలసిన చోటును ఉష ఖాళీగా వదిలేసింది. నా చేత్తో దాన్ని నింపాను.

1820లో బ్రిటిష్‌వాళ్ళు గల్ఫ్ షేక్‌లతో చేసుకున్న మొదటి ఒప్పందాన్ని మూడు ప్రతులుగా రాశారు. ఉష సంతకం చేసిన కాగితానికి ఒక్కటే ప్రతి, అదీ నా సొరుగులో. ఈ వీలునామాకు మూడు ప్రతులున్నాయి: ఒకటి ఉషకు, ఒకటి అదితికి, ఒకటి రేణుకు.

షాంటిలీ, 2014 అక్టోబరు 11, శనివారం.

రాయించుకున్నవాడు:
పాలపర్తి వీరభద్రరావు

సాక్షులు (ఈ వీలునామా వల్ల ఏమీ పొందనివారు):
దమయంతి, పక్కింటివారు
కౌస్తుభ్, ఆమె కుమారుడు