వర్లిన్ రాట్లిఫ్ హాజరును గైర్హాజరుగా దిద్దమని

మూతపడిన కళాశాలల రికార్డుల అధికారి గారికి,
వెస్ట్ వర్జీనియా, మార్ల్ ఫోర్క్ నివాసి ఓర్ఫా రాట్లిఫ్, వయసు డెబ్బై తొమ్మిది, చెప్పి రాయించుకున్నది.

అయ్యా,

విషయం: మార్ల్ ఫోర్క్ కెరీర్ కాలేజీ 1970వ సంవత్సరపు హాజరు పట్టీలో నా భర్త పేరిట ఉన్న తప్పును సరిచేయుట గురించి.

నాకు చదువు రాదు. లైబ్రరీలో పనిచేసే జోయెటా రాస్తున్నది. మాటలు నావి.

1. సదరు కాలేజీని పెద్ద యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం పెట్టారు. తర్వాత బొగ్గుగనుల వాళ్ళనూ చేర్చుకున్నారు. గనిలో షిఫ్టు మారితే ఇక్కడ తరగతి వేళ మారేది. మొహాన బొగ్గుతోనే వచ్చి కూర్చునేవారు. డెబ్బై ఏళ్ళు నడిచి నిరుడు మూతపడింది. పోతూ పోతూ తన చరిత్ర అని ఒక పుస్తకం వేసింది. అందులో నా భర్త వర్లిన్ ఫొటో పెట్టి, పదకొండు నెలల్లో ఒక్క పూట కూడా మానని సైనికుడు అని రాశారు.

2. అది అబద్ధం. ఆ పదకొండు నెలలూ తరగతిలో కూర్చున్నది నేను.

3. వియత్నాం నుంచి వచ్చిన ఏడాదే వర్లిన్ ఫ్రిజ్‌ల రిపేరు కోర్సులో చేరాడు. మూడో రోజున ఒక కంప్రెసర్ ఢామ్మని మొదలైంది. వర్లిన్ బల్ల కిందికి దూరాడు. బయటికి తీయడానికి నన్ను పిలిపించారు. నాలుగో రోజు నన్ను పక్కన ఎక్కించుకుని కాలేజీ దాకా ట్రక్కు తోలుకొచ్చాడు గానీ దిగలేదు. స్టీరింగు వదల్లేదు. తరగతికి రాని సైనికుణ్ణి కోర్సులోంచి తీసేసేవారు, గవర్నమెంటు నెలనెలా ఇచ్చే చదువు డబ్బు ఆగిపోయేది. గనిలో లాగే అక్కడ కూడా వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ గడియారం యంత్రంలో కార్డు గుద్దాలి. వర్లిన్ కార్డు నేను గుద్ది, వర్లిన్ కుర్చీలో కూర్చున్నాను.

క్లైడ్ మలిన్స్ అనే మాస్టారు నన్ను చూశాడు. "కుర్చీలో మనిషుంటే చాలమ్మాయ్. గవర్నమెంటు లెక్కపెట్టేది కుర్చీల్నే" అన్నాడు.

లానీ డాట్సన్ అనే గని మనిషి పక్క కుర్చీ. "ఏం వర్లిన్, ఇవాళ గడ్డం నున్నగా గీసుకొచ్చావే" అన్నాడు. నీ గడ్డం గురించి నీ పెళ్ళాం ఏమంటోందో నలుగురిలో చెప్పమంటావా అన్నాను. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. రాత పరీక్షలు నాలుగు. పరీక్ష రోజుల్లో కంప్రెసర్లు ఆపేసేవారు కనుక వర్లిన్ తలుపు పక్కన కూర్చుని రాశాడు. ఏ ప్రశ్న వస్తే ఏం రాయాలో ముందురోజు నేనే చెప్పి ఉంచాను.

4. ఇప్పుడు వర్లిన్ తనంతట తాను లేవలేడు. నేను లేపలేను. పోయిన నెల ఇద్దరం కలిసి పడ్డాము. పక్కింటివాళ్ళు వచ్చేదాకా నేల మీదే ఉన్నాము. రాష్ట్ర సైనికుల ఆశ్రమంలో చోటు అడిగాము. యుద్ధం తెచ్చిన జబ్బు ఉన్నవాళ్ళకు ముందు ఇస్తారు. వాళ్ళ జవాబును జోయెటా ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నది: "తిరిగి వచ్చిన ఏడాదిలోనే పదకొండు నెలలు ఒక్క పూట తప్పక శిక్షణకు హాజరైన వ్యక్తికి అప్పటికే వ్యాధి ఉండెనని నమ్ముటకు ఆధారము లేదు."

5. కావున కార్డు గుద్దినది నేనేనని ఇందుమూలముగా ఒప్పుకుంటున్నాను. మోసం అనే మాట వద్దని జోయెటా అంటున్నది. ఉంచమన్నాను. మోసం చేశాను. మలిన్స్ లేడు, లానీ లేడు. రుజువు కావాలంటే పాడైన ఫ్రిజ్‌లు రెండు తెప్పించండి. ఒకటి నా ముందు పెట్టండి, ఒకటి వర్లిన్ ముందు పెట్టండి. మీరు కుర్చీ వేసుకుని చూడండి. సర్టిఫికెట్ గోడ మీంచి దింపి దీనితో జతచేశాను. దాని బదులు నా పేరిట ఏదీ అక్కర్లేదు. నా మీద కేసు పెడితే పెట్టుకోండి. ముందు అతనికి చోటు ఇచ్చాక పెట్టండి.

కనుక మొదటి మూడు రోజులూ, పరీక్షల నాలుగు రోజులూ ఉంచి, తక్కిన అన్ని రోజులకూ నా భర్త రాలేదని ఎక్కించి, ఆ కాగితం ఆశ్రమానికి త్వరగా పంపవలెనని కోరుతున్నాను.

తమ విధేయురాలు అని రాయాలట, రాయించాను,
ఓర్ఫా రాట్లిఫ్ (వేలిముద్ర)

మరొక మాట: పంపే ముందు జోయెటా దీన్ని మా ఇంట్లో పైకి చదివింది. వర్లిన్ కదలకుండా విన్నాడు. అయిపోయాక, "పాపం, చోటు దొరికిందా అతనికి?" అని నన్ను అడిగాడు. ఇంకా లేదన్నాను.